ఇన్సూరెన్సు వారు పంపే నర్సు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ మధ్య ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాలలో ఎక్కువ భాగం అమెరికాలో పిల్లల దగ్గర ఉంటున్న తల్లిదండ్రుల మెడికేర్ (ముఖ్యంగా 65 ఏళ్ళు దాటినవారికి అమెరికా ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా) గురించినవే. వాటిలోనూ ఎక్కువగా కనబడుతున్నది ఇన్సూరెన్సు కంపెనీలు ఇంటికి పంపే నర్సుల ప్రస్తావన. ఒకే ప్రశ్నను పలువురు అడిగినచోట ఒక ఉత్తరాన్నే తీసుకున్నాను.

ప్రశ్న: మా అమ్మగారికి 74 ఏళ్ళు. గ్రీన్ కార్డు వచ్చి తొమ్మిదేళ్ళయింది, రెండేళ్ళుగా ఒక మెడికేర్ అడ్వాంటేజ్ ప్లానులో ఉన్నారు. బీపీకి, షుగరుకు మూడు నెలలకొకసారి డాక్టరు దగ్గరకు తీసుకువెళుతూనే ఉన్నాం. అయినా మూడు వారాలుగా కంపెనీ తరఫున అంటూ ఎవరో ఫోను చేసి, "మీ ఇంటికే నర్సును పంపిస్తాం, పైసా ఖర్చుండదు, పరీక్ష పూర్తయితే గిఫ్టు కార్డు కూడా ఇస్తాం" అంటున్నారు. వద్దంటే ప్లాను తీసేస్తారేమోనని అమ్మ భయం. డబ్బు అడగకపోగా ఎదురిచ్చి మరీ వస్తామంటే నాకు అనుమానం. రానివ్వమంటారా? (న్యూజెర్సీ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ముందు మీ అమ్మగారి భయం తీరుస్తాను. ఈ ఇంటి పరీక్షకు ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం పూర్తిగా ఆవిడ ఇష్టం. వద్దన్నంత మాత్రాన ప్లాను తీసేయడానికి గాని, ప్రీమియం పెంచడానికి గాని, ఉన్న సౌకర్యాలు తగ్గించడానికి గాని వీలు లేదు. జబ్బులు ఎక్కువగా ఉన్నాయని తేలినా మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాను ఆవిడ దగ్గర ఎక్కువ వసూలు చేయకూడదు. ఫోనులో "వద్దండీ, ఇక చేయకండి, మా పేరు మీ జాబితాలోంచి తీసేయండి" అని ఒకసారి గట్టిగా చెబితే సరిపోతుంది.

ఇక మీ అనుమానం. అది నిరాధారం కాదు. మెడికేర్ అడ్వాంటేజ్ అంటే ప్రభుత్వ మెడికేరును ఒక ప్రైవేటు కంపెనీ చేతుల మీదుగా అందుకోవడం. 1997 చట్టంతో రూపం దిద్దుకుని 2003 చట్టంతో ఇప్పటి పేరు తెచ్చుకున్న ఈ పద్ధతిలో, ప్రభుత్వం ఒక్కో సభ్యుడి పేరిట నెలకింత అని కంపెనీకి చెల్లిస్తుంది. అందరికీ ఒకే మొత్తం ఇస్తే కంపెనీలు ఆరోగ్యంగా ఉన్నవారినే ఏరుకుంటాయి కనుక, ఎక్కువ జబ్బులున్నవారికి ఎక్కువ ఇచ్చేలా లెక్క కట్టారు. ఆలోచన మంచిదే. అయితే ఆ జబ్బులు కాగితం మీదకు ఎక్కితేనే లెక్కలోకి వస్తాయి. ఆ కాగితం కూడా రోగిని స్వయంగా చూసిన డాక్టరో, నర్స్ ప్రాక్టిషనరో (రోగిని పరీక్షించి జబ్బు నిర్ధారించే అర్హత ఉన్న నర్సు) అదే సంవత్సరంలో రాసినదై ఉండాలి. ఈ ఏడాది రాసినదాన్ని బట్టి వచ్చే ఏడాది చెల్లింపు ఉంటుంది. జనవరి 1 వచ్చేసరికి పలక తుడిచేసినట్టే. షుగరు ముదిరి కాలు తీసేసిన మనిషికి కూడా కాలు లేదని ఏటా మళ్ళీ రాయవలసిందే. పోయిన కాలు మళ్ళీ మొలవదని అందరికీ తెలిసినా, రాయకపోతే ఆ ఏడాది లెక్కలో ఆ మనిషికి రెండు కాళ్ళూ ఉన్నట్టే!

ఇప్పుడు కంపెనీ వైపు నుంచి చూడండి. సభ్యులందరూ ఏటా డాక్టరు దగ్గరకు వెళతారన్న నమ్మకం లేదు. వెళ్ళినా ఆ డాక్టరు ఉన్న జబ్బులన్నీ రాస్తాడన్న నమ్మకం అసలే లేదు. అందుకని నర్స్ ప్రాక్టిషనరునో, ఫిజీషియన్ అసిస్టెంటునో ఇంటికే పంపి, ముప్పావుగంట నుంచి గంటసేపు కూర్చోబెట్టి, తల నుంచి కాలివేలి దాకా ఉన్నవన్నీ రాయించుకుంటారు. దీన్నే వారు హెల్త్ రిస్క్ అసెస్‌మెంట్ అంటారు. మనవాళ్ళు దీన్ని "హోమ్ హెల్త్ విజిట్" అనడం వల్ల ఇదేదో వైద్యమన్న అభిప్రాయం కలుగుతుంది గాని, వచ్చినావిడ మందు రాయదు, తర్వాత ఏమైందని మళ్ళీ కనుక్కోదు. చాలాసార్లు ఆవిడ మీ ప్లాను ఉద్యోగి కూడా కాదు, ఈ పని కోసమే ఉన్న మరో సంస్థ తరఫున వచ్చిన మనిషి.

ఇది నా సొంత ఊహ కాదు. అమెరికా ఆరోగ్య శాఖలోని ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం 2024 అక్టోబరులో ఇచ్చిన నివేదికలో ఈ లెక్క తేల్చింది. ఇలాంటి అసెస్‌మెంట్లలోను, వాటిని ఆధారం చేసుకుని పాత రికార్డులు తిరగేసినప్పుడు మాత్రమే కనబడి, ఆ ఏడాదంతా మరే డాక్టరు చూసిన దాఖలా గాని, పరీక్ష గాని, చికిత్స గాని లేని జబ్బుల మూలంగా 2023 సంవత్సరానికి కంపెనీలకు సుమారు 750 కోట్ల డాలర్లు అదనంగా వెళ్ళాయని అంచనా కట్టింది. ఈ మొత్తం సుమారు 17 లక్షల మంది సభ్యుల పేరిట వెళ్ళింది; అందులో మూడింట రెండు వంతుల దాకా ఇంటికి వెళ్ళి చేసిన పరీక్షల వల్ల, పరీక్షల ఆధారంగా రికార్డులు తిరగేయడం వల్ల వచ్చినదే. ఆ కార్యాలయం వేసిన ప్రశ్న చాలా సూటిగా ఉంది. ఆ జబ్బులు నిజంగా ఉంటే వాటికి ఒక్క చికిత్స కూడా ఎందుకు అందలేదు? లేకపోతే, ఎందుకు రాశారు? మెడికేర్ వ్యవహారాలలో అమెరికా కాంగ్రెసుకు సలహా ఇచ్చే మెడ్‌ప్యాక్ అనే సంఘం ఇలా రాసిన జబ్బులను చెల్లింపు లెక్కలోంచి తీసేయమని 2016లోనే సూచించింది.

కాబట్టి మీ అమ్మగారి విషయంలో నా అభిప్రాయం ఇది. మూడు నెలలకొకసారి డాక్టరును చూస్తున్న మనిషికి ఈ పరీక్ష వల్ల కొత్తగా ఒరిగేది తక్కువ. ఏడాదికొకసారి ఆ డాక్టరు దగ్గరే "ఆన్యువల్ వెల్‌నెస్ విజిట్" అడిగి చేయించుకోండి. 2011 నుంచి మెడికేర్ దీన్ని ఉచితంగానే ఇస్తోంది, అడిగే ప్రశ్నలు కూడా దాదాపు ఇవే. తేడా ఏమిటంటే అక్కడ రాసిన మనిషే రేపు మందు కూడా రాస్తాడు. డాక్టరు గడప తొక్కి ఏళ్ళు గడిచినవారు, మెట్లు దిగలేక ఇంటికే పరిమితమైనవారు, తీసుకువెళ్ళే మనిషి లేనివారు మాత్రం నర్సును రానివ్వడమే మేలు. కంపెనీ తన లాభం కోసం పంపినా, ఆవిడ బీపీ చూసి 190 ఉందంటే ఆ 190 నిజమే కదా.

ప్రశ్న: మా అమ్మానాన్నలకు మెడికేరుతో పాటు మెడికెయిడ్ (ఆదాయం తక్కువగా ఉన్నవారికి ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా) కూడా ఉంది, రెండూ కలిసిన ప్రత్యేక ప్లానులో ఉన్నారు. ఈ అసెస్‌మెంటు "తప్పనిసరి" అని ఫోనులో చెప్పారు. నిజమేనా? (ఇల్లినాయి)

జవాబు: తప్పనిసరి అన్న మాట కంపెనీకి వర్తిస్తుంది, మీకు కాదు. మీరు చెప్పినలాంటి ప్రత్యేక ప్లాన్లు (స్పెషల్ నీడ్స్ ప్లాన్లు) కొత్త సభ్యుడికి 90 రోజుల లోపు ఒకసారి, ఆ తర్వాత ఏటా ఈ అసెస్‌మెంటు చేయాలని ప్రభుత్వ నియమం ఉంది. సభ్యుడు కాదంటే కాదన్నారని రాసుకోవడం తప్ప వారు చేయగలిగేది లేదు. అయితే ఇలాంటి ప్లాన్లలో కేర్ కోఆర్డినేటరును, రవాణాను, ఇంటి సహాయాన్ని ఆ జవాబులను బట్టే నిర్ణయిస్తారు కనుక పూర్తిగా కాదనకుండా, ఫోనులోనో కాగితం మీదో పూర్తి చేస్తామని అడగండి.

ప్రశ్న: మా నాన్నగారికి 78 ఏళ్ళు. రోజూ పొద్దున్నే మాలులో మూడు మైళ్ళు నడుస్తారు, కాళ్ళ నొప్పి అని ఒక్కనాడూ అనలేదు. ఇంటికి వచ్చిన నర్సు కాలివేలికి, చేతివేలికి ఒక క్లిప్పు తగిలించి, కాళ్ళలో రక్తప్రసారం తక్కువగా ఉందన్నారు. తర్వాత వచ్చిన కాగితంలో "పెరిఫెరల్ ఆర్టరీ డిసీజ్" అని ఉంది. అప్పటి నుంచి నాన్నగారు నడక మానేసి సోఫాలో కూర్చుంటున్నారు. ఏం చేయాలి? (టెక్సాస్)

జవాబు: ముందుగా ఆయనను మళ్ళీ నడవమనండి. ఒకవేళ ఆ జబ్బు నిజంగా ఉన్నా దానికి డాక్టర్లు మొదట చెప్పే మందు నడకే. నడిచేటప్పుడు పిక్కలు పట్టేసి, ఆగితే తగ్గే నొప్పి, పాదం మీద మానని పుండు, రంగు మారిన వేలు వంటివి కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకండి.

ఆ క్లిప్పు చేసే పని వేలిలో రక్తం కొట్టుకునే తీరును కొలవడం. ఇలాంటి పరికరం అనుమానాన్ని లేవనెత్తగలదు, అంతవరకే. జబ్బును నిర్ధారించాలంటే మీ డాక్టరు చీలమండ దగ్గర, చేతి దగ్గర బీపీ కొలిచి పోల్చే పరీక్ష చేయిస్తారు. ఏ లక్షణమూ లేని పెద్దవారికి ఆ పరీక్ష చేయడం వల్ల కూడా లాభమో నష్టమో చెప్పడానికి తగిన ఆధారాలు లేవని ముందస్తు పరీక్షల మీద సలహా ఇచ్చే నిపుణుల సంఘం, అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్, 2018లో తేల్చింది. మరి ఇంటింటికీ ఆ క్లిప్పు ఎందుకు తిరిగిందంటే, పుండ్లు, కుళ్ళు వంటి చిక్కులేవీ లేని మామూలు పెరిఫెరల్ ఆర్టరీ డిసీజుకు కూడా అప్పటి లెక్కలో అదనపు చెల్లింపు ఉండేది. 2024 నుంచి మూడేళ్ళలో దశలవారీగా అమలు చేసిన కొత్త లెక్కలో దాన్ని తీసేశారు. అలవాటు మాత్రం అంత తొందరగా పోదు.

ఆ కాగితాన్ని పట్టుకుని ఆయన డాక్టరు దగ్గరకు వెళ్ళండి. జబ్బు లేదని డాక్టరు తేలిస్తే, దాన్ని సవరించమని నర్సును పంపిన సంస్థకు, ప్లానుకు రాతపూర్వకంగా అడగండి. వైద్య రికార్డుల గోప్యతను కాపాడే హిపా చట్టం కింద మీ రికార్డు నకలు అడిగే హక్కు ఉంది, సాధారణంగా 30 రోజులలో ఇవ్వాలి. తప్పును సవరించమని అడిగే హక్కూ ఉంది, దానికి 60 రోజులలో జవాబివ్వాలి. సవరించడానికి వారు ఒప్పుకోకపోతే మీ అభ్యంతరాన్ని ఆ రికార్డుకే జతచేయించవచ్చు.

కాగితం మీది జబ్బే కదా, ఉంటే ఏం పోయిందని ఊరుకోకండి. రేపు మీ నాన్నగారు మెడికేర్ అడ్వాంటేజ్ నుంచి ప్రభుత్వమే నేరుగా నడిపే ఒరిజినల్ మెడికేరుకు మారి, అది చెల్లించని ఖర్చులకు తోడుగా మెడిగ్యాప్ అనే ప్రైవేటు పాలసీ తీసుకోవాలనుకుంటే, చాలా రాష్ట్రాలలో ఆ కంపెనీ ఆరోగ్య చరిత్ర అడిగి కాదనవచ్చు. 65 దాటి పార్ట్ బీలో (మెడికేరులో డాక్టరు ఖర్చులు చూసే భాగం) చేరిన మొదటి ఆరు నెలలలోను, అడ్వాంటేజిలో మొదటిసారి చేరి ఏడాది లోపే వెనక్కు వచ్చినప్పుడు, ఇంకా కొన్ని ప్రత్యేక సందర్భాలలోను మాత్రమే ఆరోగ్యంతో నిమిత్తం లేకుండా ఇస్తారు. కనెక్టికట్, మసాచుసెట్స్, మెయిన్, న్యూయార్క్ రాష్ట్రాలవారికి ఈ ఇబ్బంది చాలా తక్కువ. టెక్సాసులో ఉన్న మీకు ఆ వెసులుబాటు లేదు.

ప్రశ్న: నర్సు మా అత్తగారికి మూడు ఇంగ్లీషు మాటలు చెప్పి, గడియారం బొమ్మ గీయించి, ఆ మాటలు మళ్ళీ చెప్పమన్నారు. ఆవిడ ఒక్కటే చెప్పగలిగారు. తర్వాత ఏవో ప్రశ్నలు అడిగితే మా పన్నెండేళ్ళ బాబు తర్జుమా చేశాడు. చివరికి "మతిమరుపు", "డిప్రెషన్" అని రాసి వెళ్ళారు. ఇంట్లో పద్దంతా ఇప్పటికీ ఆవిడే చూస్తారు! (కాలిఫోర్నియా)

జవాబు: ఆ పరీక్ష కొలిచింది మీ అత్తగారి జ్ఞాపకశక్తినా, ఇంగ్లీషునా అన్నది మొదటి ప్రశ్న. తనకు అర్థం తెలియని మూడు శబ్దాలను బొమ్మ గీసే దాకా మనసులో పట్టి ఉంచమంటే ఎవరికైనా కష్టమే. ఆ నర్సుకు మూడు తెలుగు మాటలు చెప్పి, అయిదు నిమిషాలాగి అడిగితే ఆవిడకెన్ని మార్కులు వచ్చేవో!

డిప్రెషను ప్రశ్నల సంగతి ఇంకా సున్నితమైనది. గత రెండు వారాలలో ఏ పని మీదా ఆసక్తి గాని, సంతోషం గాని లేకపోవడం ఎన్ని రోజులు అనిపించింది, నిద్ర ఎలా ఉంది, నీరసంగా ఉందా అని అడుగుతారు. ఊరి నుంచి వచ్చి పది రోజులు కూడా కాని మనిషికి రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది, పగలు కునుకు పడుతుంది. "ఇక్కడ ఏం తోచదమ్మా" అని ఆవిడ అంటే, మనవడు దాన్ని ఇంగ్లీషులో ఎలా చెప్పాడో మనకు తెలియదు. మనవడి ఎదుట నిజమైన దిగులును ఏ నాయనమ్మా చెప్పుకోదు కనుక, అటువైపు కూడా పొరపాటు జరిగే అవకాశం ఉంది; లేని జబ్బు రాసినట్టే ఉన్న జబ్బు దాగిపోవచ్చు.

తెలుగు దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయవలసిన బాధ్యత ప్లానుదే, ఫోను మీదనైనా సరే. అమెరికా ఆరోగ్య బీమా చట్టమైన ఎఫర్డబుల్ కేర్ చట్టంలోని 1557వ సెక్షను ప్రకారం మీ మనిషిని మీరే తెచ్చుకోండని వారు అనకూడదు. అత్యవసర పరిస్థితిలో తప్ప పిల్లల చేత తర్జుమా చేయించకూడదు. అపాయింట్‌మెంటు ఇచ్చేటప్పుడే "తెలుగు ఇంటర్‌ప్రిటర్ కావాలి" అని చెప్పి, ఒప్పుకున్నారని రాయించుకోండి. మీ అత్తగారిని ఆవిడ డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళి, తెలుగు దుబాసీ సాయంతో ఆ రెండు పరీక్షలూ మళ్ళీ చేయించండి. పద్దు ఆవిడే చూస్తున్న సంగతి మీరే డాక్టరుకు చెప్పాలి, ఎందుకంటే రోజువారీ పనులు ఎలా చేసుకుంటున్నారన్నది మతిమరుపు నిర్ధారణలో ముఖ్యమైన అంశం.

ప్రశ్న: మాకు ఒరిజినల్ మెడికేరూ, సప్లిమెంటు (మెడిగ్యాప్) పాలసీ ఉన్నాయి. అడ్వాంటేజ్ ప్లాను లేదు. "మెడికేర్ నుంచి మాట్లాడుతున్నాం, ఇంటికి నర్సును పంపిస్తాం, మీ కార్డు నంబరు చెప్పండి" అని ఫోను వచ్చింది. (జార్జియా)

జవాబు: పెట్టేయండి. ఒరిజినల్ మెడికేరులో ఉన్నవారి జబ్బులు లెక్కపెట్టించుకోవలసిన అవసరం ఏ ప్లానుకూ లేదు, మెడికేర్ తనంతట తాను ఫోను చేసి నంబరు అడగదు. ఇప్పటికే చెప్పేసి ఉంటే 1-800-633-4227కు ఫోను చేసి ఫిర్యాదు చేయండి. మీ రాష్ట్రంలోని సీనియర్ మెడికేర్ పట్రోల్ అనే సంస్థవారు కూడా ఇలాంటివి చూస్తారు. అడ్వాంటేజ్ ప్లానులో ఉన్నవారు సైతం వచ్చిన ఫోనును నమ్మి తేదీ ఇవ్వకుండా, కార్డు వెనక ఉన్న నంబరుకు తామే చేసి, నిజంగా పంపుతున్నారా, ఏ సంస్థ నుంచి, ఏ రోజున అని కనుక్కోవాలి. నర్సు సోషల్ సెక్యూరిటీ నంబరు గాని, బ్యాంకు వివరాలు గాని అడగవలసిన పని లేదు.

ప్రశ్న: నాన్నగారికి తుంటి ఆపరేషను అయి ఇంటికి వచ్చారు. కట్టు మార్చడానికి, వ్యాయామం చేయించడానికి ఈ నర్సునే పిలిపించుకోవచ్చా? (మిషిగన్)

జవాబు: ఆవిడ వేరు, మీకు కావలసిన మనిషి వేరు. మీరడుగుతున్నది మెడికేర్ ఇచ్చే హోమ్ హెల్త్ సౌకర్యం. ఇల్లు కదలడం కష్టమైన మనిషికి, నర్సు లేదా ఫిజియోథెరపిస్టు అవసరమని డాక్టరు రాసిస్తే, మెడికేర్ గుర్తింపు ఉన్న ఏజెన్సీ నుంచి పంపిస్తారు. అడ్వాంటేజ్ ప్లానయితే చాలావరకు ముందుగా అనుమతి అడుగుతారు, వారి నెట్‌వర్కులోని ఏజెన్సీ కావాలి. ఆసుపత్రిలో డిశ్చార్జి చూసినవారికి ఈ రోజే ఫోను చేయండి.

ప్రశ్న: మేము నర్సును రమ్మనే అనుకున్నాం. ఏం సిద్ధం చేసుకోవాలి? (వర్జీనియా)

జవాబు: ఈ పరీక్షలో మనవాళ్ళకు అన్నిటికన్నా పనికొచ్చే భాగం మందుల పరిశీలన. మన పెద్దవారి దగ్గర రెండు దేశాల మందులు ఉంటాయి, పేర్లు వేరు, లోపల సరుకు మాత్రం చాలాసార్లు ఒకటే. ఇండియాలో పారాసెటమాల్ అనేదాన్నే ఇక్కడ ఎసిటమినోఫెన్ అంటారు. ఒంటి నొప్పులకు పొద్దున డోలో, రాత్రి టైలెనాల్ వేసుకునే మనిషి ఒకే మందును రెండింతలు వేసుకుంటూ, రెండు వేరు వేరు మందులు వాడుతున్నాననుకుంటారు. ఊరి నుంచి తెచ్చుకున్న డైక్లోఫెనాక్ బిళ్ళలు మోకాళ్ళ నొప్పి తగ్గిస్తాయి గాని బీపీని పెంచుతాయి, మూత్రపిండాలను ఇబ్బంది పెడతాయి. ఇక్కడి డాక్టరు ఆ సంగతి తెలియక బీపీ మందు మోతాదు పెంచుకుంటూ పోతాడు. కొన్ని ఆయుర్వేద మందులలో సీసం వంటి లోహాలు బయటపడ్డాయి కనుక, అవి కూడా చూపించవలసినవే. "ఇవి మందులు కావులే" అని పక్కన పెట్టే లేహ్యం డబ్బా, కంటి చుక్కలు, విటమిను సీసా అన్నీ కలిపి బల్ల మీద పెట్టండి.

ఇంట్లో పెద్దవారు ఒక్కరే ఉన్న రోజున రమ్మనకండి. పరీక్ష జరుగుతుండగానే, ఏ జబ్బు రాస్తున్నారు, దేన్ని చూసి రాస్తున్నారు అని అడగండి, మర్యాదగానే. రాసినదాని నకలు మీకు ఒకటి, మీ డాక్టరుకు ఒకటి పంపమని చెప్పి, రెండు వారాల తర్వాత అది చేరిందో లేదో డాక్టరు ఆఫీసుకు ఫోను చేసి కనుక్కోండి. చేరకపోతే మీరే పట్టుకువెళ్ళండి. స్నానాలగదిలో జారే తివాచీ ముక్క, మెట్ల దగ్గర వెలగని బల్బు వంటివి నర్సు చెబితే గిఫ్టు కార్డు వచ్చేదాకా ఆగకుండా ఆ సాయంత్రమే సరిచేయండి.